ఆస్పర్జర్స్ ఉంది, దాచుకోను: వరంగల్‌లో మనలాంటి వాళ్లను కలుసుకోవడం ఎలా?

"అన్నా, నాకు ఆస్పర్జర్స్ అని తేలింది, ఇప్పుడేం చేయాలె?" అని ఒకరు. "మనలాంటోళ్లు హనుమకొండల ఎవరన్నా ఉన్నరా?" అని ఇంకొకరు. "మా బిడ్డ డిగ్రీ రెండో ఏడు, ఒక్క దోస్తు లేదు" అని ఒక తల్లి. అడిగేవాళ్లు మారుతున్నారు, ప్రశ్న మారడం లేదు. ఒక్కొక్కరికి మెసేజ్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను. ఆస్పర్జర్స్ అంటే, మాటలు, తెలివి మామూలుగానే ఉండి, మనుషులతో కలవడం, శబ్దాలు, మార్పులు తట్టుకోవడం కష్టమయ్యే ఒక రకం ఆటిజానికి పాత పేరు. ఇది పద్దెనిమిదేళ్లు దాటినవాళ్ల కోసం. చిన్నపిల్లల సంగతి వేరు, అది ఇక్కడ కలపను.

గర్వపడండి అని ఎవరో చెప్తే గర్వం రాదు. మన తీరు మనకు కొలతలతో సహా తెలిసి, దాన్ని మామూలు గొంతుతో నలుగురికి చెప్పగలిగితే నేను దాన్నే గర్వం అంటాను. "నీది జబ్బు కాదు, సూపర్ పవర్" అనేవాళ్లంటే నాకు పెద్దగా పడదు. లెక్కల్లో మామూలు మార్కులు వచ్చే ఆస్పర్జర్స్ పిల్లాడు ఆ మాట విని ఇంకా కుంగిపోతాడు.

కావలసినవి

- ఒక నోటుబుక్కు. ఫోన్‌లో రాసుకున్నా సరే.
- ఫోమ్ ఇయర్‌ప్లగ్స్. మెడికల్ షాపులో అడగండి, లేకపోతే ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి.
- చేతికి పని చెప్పే చిన్న వస్తువు ఏదైనా.
- మీ సంగతి తెలిసిన ఒక్క మనిషి. అక్క, బావ, పాత రూమ్మేట్, ఎవరైనా.
- నెలకు ఒక ఆదివారం పొద్దున రెండు గంటలు.

డాక్టరు రిపోర్టు ఈ జాబితాలో కావాలనే పెట్టలేదు. తోటివాళ్లను కలవడానికి అది అక్కర్లేదు. వేరే పనులకు కావాలి, అది మొదటి మెట్టులో చెప్తాను.

1. పేరు సంగతి తేల్చుకోండి

2013లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ మానసిక సమస్యల మీద తాను వేసే మాన్యువల్ ఐదో కూర్పులో ఆస్పర్జర్స్‌ను విడిగా ఉంచకుండా ఆటిజం స్పెక్ట్రమ్‌లో కలిపేసింది. 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా కూడా అదే చేసింది. అందుకే ఈరోజు డాక్టరు దగ్గరికి వెళ్తే కాగితం మీద 'ఆటిజం స్పెక్ట్రమ్ డిజార్డర్' అని ఉంటుంది. కంగారు పడకండి, జబ్బు ముదిరిందని కాదు. ఈ పేరుకు మూలమైన ఆస్ట్రియా డాక్టరు హాన్స్ ఆస్పర్జర్ నాజీల కాలంలో చేసిన పనుల గురించి 2018లో పత్రాలతో సహా బయటపడ్డాక, ఆ పేరు వద్దనుకున్నవాళ్లూ ఉన్నారు. పాత పేరుతోనే ఉంటామనేవాళ్లూ ఉన్నారు. ఎవరికి ఏది ఇష్టమో అడిగి అదే వాడండి. పేరు మీద పంచాయితీ పెట్టుకుంటే గ్రూపు మొదటి వారంలోనే విరిగిపోతుంది.

పరీక్ష చేయించుకోవాలంటే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో మొదలుపెట్టవచ్చు. లేదా రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్టరైన క్లినికల్ సైకాలజిస్టును కలవండి, రిజిస్ట్రేషన్ నంబరు అడగడానికి మొహమాటపడొద్దు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉంది, కాజీపేటలో పొద్దున రైలెక్కితే పని చూసుకుని సాయంత్రానికి తిరిగి రావచ్చు. ఎక్కడికి వెళ్లినా చిన్ననాటి వివరాలు పట్టుకెళ్లండి: పాత ప్రోగ్రెస్ కార్డుల మీద టీచర్లు రాసిన మాటలు, మాటలు ఎప్పుడొచ్చాయి, ఏ ఆటలు ఆడేవారు, ఏ బట్టలు వేసుకోనని ఏడ్చేవారు. పెద్దవాళ్లను పరీక్షించేటప్పుడు డాక్టర్లకు ఎక్కువగా కావాల్సింది అదే, ఇంట్లోవాళ్లు మరిచిపోయేదీ అదే. అమ్మను కూర్చోబెట్టి ముందే రాసుకోండి.

జాగ్రత్త: ఆన్‌లైన్‌లో దొరికే ఏక్యూ (ఆటిజం లక్షణాలు ఎంత ఉన్నాయో చూసే 50 ప్రశ్నలు) లాంటి పరీక్షలు డాక్టరు దగ్గరికి వెళ్లాలా వద్దా అన్న సూచన వరకే. ఆందోళన, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవకపోవడం), ఓసీడీ (వద్దనుకున్నా అవే ఆలోచనలు, అవే పనులు మళ్లీ మళ్లీ రావడం) కూడా కొన్నిసార్లు ఇలాగే కనిపిస్తాయి, ఒక్కోసారి కలిసే ఉంటాయి.

సర్టిఫికెట్ మాట. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో ఆటిజం ఒకటి. పరీక్షలో వైకల్యం 40 శాతం, ఆపైన అని వస్తే రిజర్వేషన్ లాంటివి వర్తిస్తాయి. దివ్యాంగుల గుర్తింపు కార్డు యూడీఐడీకి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. గర్వపడేవాడు సర్టిఫికెట్ తీసుకోకూడదని ఒక వాదన వినిపిస్తుంటుంది. నాకది అర్థం కాదు. హక్కును వదులుకోవడంలో గొప్పేముంది?

2. మీ గురించి ఒక పేజీ రాయండి

చాలామంది ఈ మెట్టు దాటేసి నేరుగా గ్రూపు వెతుక్కుంటారు. మిగతా అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే.

పేజీని మూడు నిలువు గీతలతో విడగొట్టండి. మొదటి గడిలో ఏం జరిగితే ఇబ్బంది. రెండో గడిలో ఆ ఇబ్బంది బయటికి ఎలా కనిపిస్తుంది. మూడో గడిలో ఏం చేస్తే సర్దుకుంటుంది. నాలుగో గడి మీకు బాగా నచ్చే పనులకు.

"నాకు శబ్దం పడదు" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ఇలా రాయండి: "మిక్సీ రెండు నిమిషాలు ఓర్చుకుంటాను. ఫంక్షన్ హాల్లో డీజే పెడితే పది నిమిషాలకు మాట రాదు, పిలిచినా పలకను. బయట బండి దగ్గర అరగంట ఒంటరిగా కూర్చుంటే మామూలవుతాను." ట్యూబులైటు జుయ్యిమనే చప్పుడు, చొక్కా మెడ దగ్గరి లేబుల్, సొరకాయ ముక్క జారుడు, ఎనుమాముల మార్కెట్ వైపు గాలిలో వచ్చే మిర్చి ఘాటు, చెప్పకుండా ఇంటికొచ్చే చుట్టాలు, "రేపు చూద్దాం" అనే మాట. ఏదైనా సరే, వింతగా ఉందని వదిలేయకండి.

నాలుగో గడిని అసలు ఖాళీగా వదలొద్దు. కాజీపేట జంక్షన్‌లో ఏ బండికి ఏ ఇంజిన్ తగిలిస్తారో చెప్పగలగడం, కాకతీయుల స్తంభాల మీద చెక్కడాల్లో తేడాలు పట్టడం, పాత రేడియోలు విప్పి బిగించడం. ఇంట్లోవాళ్లు వీటిని "పనికిరాని పిచ్చి" అంటారు. ఐదో మెట్టులో మనుషులు దొరికేది ఈ గడి వల్లే.

మామూలుగా జరిగే తప్పు: చుట్టాలు తిట్టే తిట్లనే లక్షణాలుగా రాసుకోవడం. 'మొండి', 'పొగరు', 'మందిలో కలవడు' అని రాస్తే అది మీ పేజీ కాదు, వాళ్ల ఫిర్యాదు. 'మొండి' అన్నచోట "అనుకున్న పని మధ్యలో మారిస్తే తేరుకోవడానికి గంట పడుతుంది" అని రాయండి.

సరిగా వచ్చిందో లేదో చూసుకోవాలంటే పేజీని మీ సంగతి తెలిసిన ఆ ఒక్క మనిషికి ఇవ్వండి. చదివాక వాళ్లు "మొన్న పెళ్లిలో అందుకేనా బయటికెళ్లావు?" అని ఏదో ఒక సంఘటన గుర్తు చేసుకుంటే మీ పేజీ పనిచేసినట్టే. "అందరికీ ఇలాగే ఉంటది" అంటే ఇంకా మోటుగా రాశారన్నమాట. కొలతలు వేసి మళ్లీ రాయండి.

3. దాచడం కొంచెం కొంచెంగా తగ్గించండి

రోజంతా మామూలు మనిషిలా నటించి, సాయంత్రం ఇంటికొచ్చి తలుపు వేసుకుని పడుకునే బతుకు మనలో చాలామందికి తెలుసు. దీన్నే మాస్కింగ్ అంటారు. ఒక్కసారిగా తీసేయొద్దు. ముందు ఇంట్లో ఒక గదిలో, తరువాత ఒక్క స్నేహితుడి ముందు, ఆ తరువాత బయట.

చేతులు ఆడించకుండా ఉండలేకపోతే మన ఊళ్లో ఒక సులువుంది. జపమాల గానీ తస్బీహ్ గానీ పూసలు తిప్పుతూ కూర్చున్న మనిషిని ఎవరూ ఒక్క ప్రశ్న అడగరు. పైగా గౌరవిస్తారు. దేవుడి వస్తువును ఇలా వాడటం మీకు నచ్చకపోతే మామూలు పూసల దండ, బటన్, కాటన్ రుమాలు అంచు, ఏదైనా పనికొస్తుంది. బస్సులో ఇయర్‌ప్లగ్స్ పెట్టుకుంటే కండక్టర్ పిలుపు వినిపించదు, టికెట్ తీసుకున్నాకే పెట్టుకోండి. బండి నడిపేటప్పుడు అసలే వద్దు.

కళ్లలోకి చూడటం కష్టమైతే "కనుబొమల మధ్య చూడు" అని సలహా ఇస్తారు. అదీ నటనే. "కింద చూస్తుంటేనే నాకు మాట బాగా ఎక్కుతుంది, మీరు చెప్పండి, వింటున్నా" అంటే చాలు.

జాగ్రత్త: పోలీసు తనిఖీ, ఇంటర్వ్యూ, కొత్త అద్దె ఇల్లు లాంటి చోట్ల ఎంత చూపించాలో మీరే లెక్క వేసుకోండి. అక్కడ దాచుకుంటే అది పిరికితనం కాదు.

4. చెప్పాల్సినవాళ్లకు చెప్పండి

రెండే వాక్యాలు. మొదటిది సంగతి, రెండోది మీకు కావాల్సింది. "సార్, నాకు ఆటిజం ఉంది, నోటితో చెప్పిన పనులు గుర్తుండవు. పని మెసేజ్‌లో పెడితే తప్పు లేకుండా చేస్తాను." మూడో వాక్యం మొదలైతే అది సంజాయిషీ అవుతుంది. కాలేజీలో ఉన్నవాళ్లు కౌన్సెలింగ్ విభాగాన్ని కలవండి. 40 శాతం సర్టిఫికెట్ ఉంటే రాత పరీక్షకు గంటకు 20 నిమిషాలు అదనపు సమయం ఇవ్వాలని కేంద్ర మార్గదర్శకాల్లో ఉంది. పరీక్షకు వారం ముందు అడిగితే పని కాదు, ఫీజు కట్టేటప్పుడే అడగండి.

ఇంట్లో చెప్పడం ఇంకా కష్టం. "దిష్టి తగిలింది", "అంతా ఫోన్ వల్లే", "పెళ్లయితే సర్దుకుంటడు" అనే మూడు మాటలూ వస్తాయి, సిద్ధంగా ఉండండి. వాదించొద్దు. పేజీ చేతికిచ్చి ఒక్క మార్పు అడగండి: "బాపూ, చుట్టాలు వస్తుంటే ఒక గంట ముందు చెప్పు, అంతే." అది ఒప్పుకున్నాక రెండోది.

పెళ్లి విషయంలో మాత్రం నేను గట్టిగానే చెప్తాను. ముహూర్తం పెట్టకముందే అవతలి మనిషికి, పెద్దల ద్వారా కాకుండా, మీరే చెప్పండి. పెళ్లిచూపుల గదిలో అందరి ముందు కాదు. ఆ తరువాత ఇద్దరూ విడిగా మాట్లాడుకునేటప్పుడు చెప్పండి. "సంబంధం తప్పిపోతుంది" అని ఇంట్లో భయపడతారు. తప్పిపోతే పోనివ్వండి. దాచి చేసుకుంటే ఇంట్లో కూడా ఇరవై నాలుగు గంటలూ నటించాలి.

ఆడపిల్లల సంగతి ఇంకో రకం. మాట్లాడకుండా మూలన కూర్చునే అమ్మాయిని "ఎంత ఒద్దికో" అని మెచ్చుకుంటారు. ఆ మెప్పు వల్లే చాలామందికి ముప్పై దాటేదాకా తెలియదు. మీ ఇంట్లో "నీకేం తక్కువ, మంచిగనే ఉన్నవ్ కదా" అంటే, రెండో మెట్టులో రాసిన పేజీయే మీకు సాక్ష్యం.

5. మనుషులను వెతకండి

ఆటిస్టిక్ మనిషి, మామూలు మనిషి ఒకరికొకరు అర్థం కాకపోవడం రెండు వైపులా ఉన్న సమస్య అని, తానూ ఆటిస్టిక్ అయిన డేమియన్ మిల్టన్ అనే బ్రిటన్ పరిశోధకుడు 2012లో రాశాడు. మనలో మనం కూర్చున్నప్పుడు సగం ఇబ్బందులు కనిపించకపోవడానికి కారణం అదే.

ఎక్కడ వెతకాలి? ముందు నాలుగో గడి చూడండి. నిట్‌లోనో కాకతీయ యూనివర్సిటీలోనో ఉంటే క్లబ్బులు. బయటివాళ్లకు చదరంగం ఆడేచోట్లు, గ్రంథాలయం, రైళ్ల ఫోటోలు తీసేవాళ్లు, పక్షులు చూసేవాళ్లు. అక్కడికి ఆస్పర్జర్స్ గురించి మాట్లాడటానికి వెళ్లకండి, ఆ పని చేయడానికి వెళ్లండి.

రెండో దారి సైకాలజిస్టులు, థెరపీ సెంటర్లు. వాళ్లు మీకు ఎవరి నంబరూ ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. మీరే ఒక చీటీ రాసిచ్చి "ఎవరికైనా ఉపయోగపడుతుందంటే ఇవ్వండి" అనండి. చీటీ ఇలా ఉంటే చాలు:

"హనుమకొండ, వరంగల్, కాజీపేటల్లో ఉండే ఆటిస్టిక్ పెద్దవాళ్ల కోసం. నెలకోసారి ఆదివారం పొద్దున కలుస్తాం. రిపోర్టు అక్కర్లేదు. మాట్లాడక్కర్లేదు. ఫీజు లేదు. ఇది చికిత్స కాదు, ఎవరూ ఏమీ అమ్మరు. రావాలనుకుంటే మెసేజ్ పెట్టండి, ఫోన్ చేయకండి."

చివరి వాక్యం తీసేయకండి. మనవాళ్లు చాలామంది ఆ ఒక్క వాక్యం చూసే వస్తారు.

తప్పులు రెండు. ఒకటి, తల్లిదండ్రుల గ్రూపులో చేరి అదే తోటివాళ్ల గ్రూపు అనుకోవడం. వాళ్ల కష్టం నిజమే, కానీ అక్కడ మాట్లాడేది మన గురించి, మనతో కాదు. రెండోది, క్లాసులో ఎవరినో చూసి "నువ్వు కూడా ఆస్పర్జర్సే" అని ముఖం మీద అనేయడం. మీ సంగతి మీరు చెప్పుకోండి. వాళ్లకు తట్టేది ఉంటే వాళ్లే వస్తారు.

"నయం చేస్తాం" అనేవాళ్లు ఎవరైనా, ఏ పొడి, ఏ డైట్, ఏ పూజ పేరుతో వచ్చినా, తలుపు దగ్గరే ఆపేయండి.

6. మొదటి కలయిక

ముగ్గురు చాలు, ఐదుగురు ఎక్కువ. హనుమకొండ పబ్లిక్ గార్డెన్ గానీ, భద్రకాళి చెరువు కట్ట గానీ, ఖిలా వరంగల్‌లో తోరణాల దగ్గరి ఖాళీ జాగా గానీ, పొద్దున ఏడు గంటలకు. మన ఎండల సంగతి తెలిసిందే, ఏప్రిల్, మే నెలల్లో తొమ్మిది లోపు లేచిపోవాలి. చౌరస్తా హోటళ్లు, ఆదివారం సాయంత్రం మాల్స్ వద్దు. బతుకమ్మ తొమ్మిది రోజులు, శివరాత్రికి వేయిస్తంభాల గుడి చుట్టుపక్కల, మేడారం జాతర సమయంలో హనుమకొండ బస్టాండ్ వైపు అసలు పెట్టుకోవద్దు.

ముందు రోజు సాయంత్రం అందరికీ ఒకే మెసేజ్ పంపండి. కూర్చునే చోటు ఫోటో, మొదలయ్యే సమయం, ముగిసే సమయం, ఎంతమంది వస్తారు, ఏం చేస్తారు, బాత్రూమ్ ఎక్కడ. "మధ్యలో చెప్పకుండా వెళ్లిపోవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు" అని కూడా రాయండి. ముగిసే సమయం లేని కలయికకు రావాలంటే మనవాళ్లకు టెన్షన్.

ఎదురెదురుగా కాకుండా పక్కపక్కన కూర్చోండి. చేతిలో పని ఉండాలి: చదరంగం, బొమ్మలు గీయడం, పజిల్, రాళ్ల మీది చెక్కడాల ఫోటోలు. ఆటిస్టిక్ మనుషులు కలిసేచోట వాడే రంగుల పద్ధతి బాగా పనిచేస్తుంది. చొక్కాకు గుడ్డముక్క గుచ్చుకోవాలి. ఆకుపచ్చ ఉంటే ఎవరైనా పలకరించవచ్చు. పసుపు ఉంటే తెలిసినవాళ్లే. ఎరుపు ఉంటే వాళ్లంతట వాళ్లు మాట్లాడేదాకా ఆగాలి. టైలర్ దగ్గర పీలికలు అడిగితే ఊరికే ఇస్తాడు.

ఇష్టమైన విషయం మొదలుపెడితే ఆపలేకపోవడం మనకు మామూలే. ఒక్కొక్కరికి ఏడు నిమిషాలు ఫోన్‌లో టైమర్ పెట్టండి. ఇంకా వినాలని ఎవరైనా చేయెత్తితే మరో ఏడు. "బోర్ కొడుతున్నానా?" అన్న భయం ఉండదు, టైమరే చెప్తుంది.

ఒక చిక్కు తప్పకుండా వస్తుంది. ఒకరికి ఊగుతూ కూనిరాగం తీస్తేనే మనసు కుదుటపడుతుంది, పక్కవారికి ఆ రాగం చెవిలో సూదిలా ఉంటుంది. ఇద్దరిదీ తప్పు కాదు. "ఆపు" అనకుండా పది అడుగుల దూరం జరగడమే పద్ధతి అని ముందే చెప్పుకోండి.

ఆడవాళ్లు మొదటిసారి వచ్చేటప్పుడు తోడుగా ఒకరిని తెచ్చుకోవచ్చని మెసేజ్‌లో రాయండి. ఎవరి ఇంట్లోనూ పెట్టుకోవద్దు.

7. గ్రూపు నడపడం

ప్రతి నెలా రెండో ఆదివారం, అదే చోటు, అదే సమయం. "ఈసారి ఎప్పుడు కలుద్దాం?" అని ఓటింగ్ పెడితే నెల గడిచిపోతుంది.

వాట్సాప్‌లో గుడ్ మార్నింగ్ బొమ్మలు, ఫార్వర్డులు వద్దు. వాయిస్ మెసేజ్ పెడితే కింద రాసి కూడా పెట్టాలి. జవాబు ఇవ్వకపోతే అలిగినట్టు కాదు. ఇక్కడ విన్న పేరు బయట చెప్పొద్దు. అడ్మిన్లు ఇద్దరుండాలి, ఒకరు అలిసిపోతే ఇంకొకరు చూసుకుంటారు. ఎవరి చాయ్ డబ్బులు వాళ్లవే.

గ్రూపు వైద్యం కాదని అందరికీ గుర్తుండాలి. ఎవరైనా చచ్చిపోవాలని ఉందన్నట్టు మాట్లాడితే సలహాలు మొదలుపెట్టకండి. ఇరవై నాలుగు గంటలూ పనిచేసే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, తెలుగులోనే మాట్లాడవచ్చు. గ్రూపు వివరాల్లో ఆ నంబరు పైనే పెట్టి ఉంచండి. అప్పుడే ప్రాణాపాయం ఉందనిపిస్తే 112కు ఫోన్ చేయండి, ఒక్కరినే వదలకండి.

జూన్ 18న ఆటిస్టిక్ ప్రైడ్ డే, 2005 నుంచి జరుపుకుంటున్నారు. ఆరోజు ర్యాలీ, బ్యానరు ఉండాలనేమీ లేదు. రోజూ దాచుకునే ఒక్క అలవాటును ఆ పూట దాచకుండా కలిసి కూర్చుంటే సరిపోతుంది.

పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

తోటివాళ్లను కలిసి ఇంటికొచ్చిన రోజు సాయంత్రం చూసుకోండి. అలసట ఉంటుంది, అది మామూలే. అది పెళ్లికి వెళ్లొచ్చిన అలసటలా మంచం పట్టించేదా, లేక ఇష్టమైన పని చేసినప్పుడు వచ్చేదా? మొదటిదైతే సమయం సగానికి తగ్గించండి. మూడు నెలల తరువాత రెండో మెట్టులో రాసిన పేజీ తీసి మూడో గడిలో కొత్త వాక్యం ఏమైనా చేరిందా చూడండి. తోటివాళ్ల దగ్గర నేర్చుకున్న ఉపాయం ఒక్కటైనా చేరితే గ్రూపు పనిచేస్తున్నట్టు.

చెడు గుర్తులు కూడా చెప్తాను. మామూలు మనుషులను తిట్టుకోవడమే పనైపోవడం. "నువ్వు అసలు ఆటిస్టిక్‌లా లేవే" అని ఒకరు తీర్పులివ్వడం. అన్ని ఏర్పాట్లూ ఒక్కరి మీదే పడటం. ఎవరో డబ్బు లెక్కలు మొదలుపెట్టడం. ఇందులో రెండు కనిపిస్తే ఒక నెల ఆపి, ఇద్దరు ముగ్గురితో మళ్లీ మొదలుపెట్టండి.

మొదటి ఆదివారం ఎవరూ రాకపోవడం కూడా జరుగుతుంది. వస్తామన్నవాళ్లు దూరం నుంచి చూసి వెనక్కి వెళ్లిపోతారు, మనవాళ్లలో ఇది చాలా మామూలు. మెసేజ్‌లో రాసిన ముగింపు సమయం దాకా మీ పని మీరు చేసుకుంటూ అక్కడే కూర్చోండి. ఇంటికెళ్లాక "ఎందుకు రాలేదు?" అని అడగొద్దు. "ఈరోజు ఏడు నుంచి తొమ్మిది వరకు ఉన్నాను. వచ్చే నెల రెండో ఆదివారం అదే చోట, అదే సమయానికి ఉంటాను" అని ఒక్క మెసేజ్ పెట్టి, కూర్చున్న చోటు ఫోటో జతచేయండి.